సీసం మా ఇంటికి ఎలా వచ్చింది

ఆ రోజు మా ఆయన రాగిసంగటి ముద్ద సగంలో వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. పెళ్ళయినప్పటి నుంచి ఆయన పళ్ళెంలో ముద్ద మిగలడం అదే మొదలు. కూరలో ఉప్పు ఎక్కువైందేమో అనుకొని అడిగాను.

"కూర బాగానే ఉండాది నాగా. నా నోరే బాగలేదు. పావలా బిళ్ళ చప్పరించినట్టు ఉండాది," అన్నాడు.

నా పేరు నాగరత్న. మాది తంబళ్లపల్లె దగ్గర పల్లె. మా మేనత్త కొడుకు రమణప్పనే చేసుకొని పుంగనూరుకు కాపురానికి వచ్చాను. తొంభైల మధ్య నాటి మాట ఇది. మా బోరు ఎండిపోయాక ఆయన ఊరి బయట బ్యాటరీలు తయారు చేసే ఒక కంపెనీలో చేరాడు. సీసం పొడిని తడిపి ముద్ద చేసి ప్లేట్లకు పూస్తారు. ఆ సెక్షన్‌ను పేస్టింగ్ అంటారు. ఆయన చేరిన ఏడాదికి తమ్ముడు సీననూ అక్కడే చేర్పించాడు. ఇంట్లో మేమిద్దరం, సీన, మా అత్త, మా పాప భార్గవి. పాప అప్పుడు ఇంకా ఒకటో తరగతికి కూడా పోలేదు.

నోరు బాగలేదన్న కొన్నాళ్ళకు కడుపునొప్పి మొదలైంది. మామూలు నొప్పి కాదు, పేగులు పిండినట్టు వచ్చేది. వచ్చినప్పుడు ఆయన దుప్పటి మడత పెట్టి కడుపు కింద పెట్టుకొని బోర్లా పడుకొనేవాడు. కడుపునొప్పి ఉన్నవాళ్ళు కడుపు ముట్టుకోనివ్వరు కదా, ఈయన ఎందుకు అదుముకుంటున్నాడు అని నాకు వింతగా ఉండేది. చిన్నప్పటి నుంచి నాకు అదొక గుణం. ఏది చూసినా ఎందుకు అని అడుగుతాను. "నీకు యాలమ్మా ఇన్ని ప్రశ్నలు?" అని మా అత్త విసుక్కొనేది.

ఒక డాక్టరు గ్యాస్ అన్నాడు. ఇంకొకరు అల్సర్ అని మాత్రలు రాశారు. నాలుగైదు రోజులకోసారి కూడా విరేచనం కాకపోతే దానికి వేరే మందు. ఒకసారి నొప్పి మరీ ఎక్కువైతే వేరే ఊరిలో ఒక నర్సింగ్ హోమ్‌కు తీసుకుపోయాం. అపెండిసైటిస్ అని చెప్పి ఆపరేషన్ చేశారు. కుట్లు మానేదాకా ఇంట్లో ఉన్నాడు. ఆ రోజుల్లో నొప్పి రాలేదు. ఆపరేషన్ పనిచేసిందని అందరం సంతోషపడ్డాం. డ్యూటీకి పోవడం మొదలుపెట్టిన రెండో నెలకు అదే నొప్పి, అదే దుప్పటి మడత.

అప్పటికి మనిషి పాలిపోయాడు. మెట్లెక్కితే ఆయాసం. మా అత్తకు ఒకటే అనుమానం.

"నా కొడుక్కి ఎవురో మందు పెట్టినారు. అన్నంలో పెట్టినారో, టీలో పెట్టినారో. లేకుంటే ఎద్దు మాదిరి ఉండే మనిషి ఇట్లయిపోతాడా?"

మా వైపు ఇది పెద్ద నమ్మకం. గిట్టనివాళ్ళు తిండిలో మందు కలిపి పెడతారనీ, దాన్ని కక్కించేవాళ్ళు ఉంటారనీ అంటారు. పెద్దపంజాణి వైపు ఒక పల్లెలో అలాంటి మనిషి ఉంటే అత్త పట్టుబట్టి తీసుకుపోయింది. నేనూ పోయాను. ఆయన ఏదో ఆకు రసం తాగించాడు. మా ఆయన పేగులు బయటికి వచ్చేలా కక్కాడు. ఆ మనిషి అందులోంచి నల్లటి ముద్ద ఒకటి తీసి, ఇదిగో మందు అని చూపించాడు. నేను పుల్లతో కదిలించి చూడబోతే "ముట్టుకోవద్దమ్మా, నీకూ తగులుతాది" అని కసిరాడు. నొప్పి మాత్రం ఆ వారంలోనే మళ్ళీ వచ్చింది.

ఒకరోజు పొద్దున ఆయన చొక్కా గుండీలు పెట్టుకోవడం చూస్తూ ఉన్నాను. కుడిచేతి మణికట్టు వాలిపోయి ఉంది. పైకి ఎత్తుదామంటే లేవడం లేదు. ఆయన నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

"చెయ్యి నా మాట వింటల్యా నాగా," అన్నాడు.

ఆ రోజే మదనపల్లె బస్సెక్కాం. అక్కడ ఒక డాక్టరమ్మ ఉందనీ, తీరిగ్గా చూస్తుందనీ ఎవరో చెప్పారు. నిజంగానే తీరిగ్గా చూసింది. చెయ్యి చాపమంది, ఎత్తమంది, కడుపు నొక్కింది. నొక్కితే హాయిగా ఉంది అని ఆయన అంటే ఆగి ముఖంలోకి చూసింది. తరువాత నోరు తెరవమని, టార్చి వేసి, పెదవి పైకి లాగి చిగుళ్ళు చూసింది.

"ఏం పని చేస్తారు మీరు?"

ఇన్ని నెలల్లో, ఇంతమంది డాక్టర్లలో, ఆ ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే. చేసే పని చెప్పాడు. ఆమె నన్ను దగ్గరికి పిలిచింది.

"ఇటు చూడమ్మా. పళ్ళ మొదట్లో చిగురు మీద నీలం గీత కనిపిస్తోందా? ఎన్నాళ్ళ నుంచి ఉంది?"

కనిపించింది. పెన్సిలుతో సన్నగా గీసినట్టు ఉంది. రోజూ చూసే మొహమే, నేను ఎన్నడూ గమనించలేదు.

"నాకు లెడ్ పాయిజనింగ్ అని అనుమానం. అంటే సీసం ఒంట్లోకి చేరింది. కడుపునొప్పి లెడ్ కాలిక్. చెయ్యి వాలిపోవడాన్ని రిస్ట్ డ్రాప్ అంటాం. బ్లడ్ తీద్దాం."

మా అత్త వెనక నుంచి "సూస్తిరా, నేను సెప్పలా, మందు పెట్టినారని!" అంది. డాక్టరమ్మ కోప్పడలేదు. "మీరు చెప్పింది సగం నిజమేనమ్మా. ఒంట్లో విషం ఉంది. కానీ మనుషులెవరూ పెట్టలేదు," అంది.

హిమోగ్లోబిన్ చాలా తక్కువగా ఉంది. పెరిఫెరల్ స్మియర్ అని రక్తం చుక్కను గాజుపలక మీద పూసి మైక్రోస్కోపులో చూశారు. నేను తలుపు దగ్గర నిలబడి తొంగి చూస్తుంటే ఆమె రమ్మంది. ఒక కన్ను మూసి చూశాను. లేత ఎరుపు బిళ్ళలు, కొన్నింటిలో నీలం రంగు సన్న చుక్కలు, రాగిపిండి చల్లినట్టు. "అవే. బేసోఫిలిక్ స్టిప్లింగ్," అంది. ఆ రెండు మాటలను ఆస్పత్రి మెట్ల మీద కూర్చొని పది సార్లు అనుకొని నేర్చుకున్నాను. మొగుడు మంచం మీద ఉంటే ఈ పిల్లకు ఇదేం ఆత్రం అనుకొని ఉంటారు చూసినవాళ్ళు. కానీ అన్ని నెలల తరువాత జబ్బుకు ఒక పేరు దొరికింది. పేరు తెలిశాక నా భయం కాస్త తగ్గింది.

బ్లడ్ లెడ్ లెవెల్ కోసం శాంపిల్ బెంగుళూరుకు పంపారు. ఉండకూడనంత ఉంది అని రిపోర్టు వచ్చింది. అప్పుడు డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది.

"ఈ జబ్బు ఫ్యాక్టరీల చట్టంలో రాసి ఉంది. చూసిన డాక్టరు ఫ్యాక్టరీల చీఫ్ ఇన్‌స్పెక్టర్‌కు తెలియజేయాలి. నేను రిపోర్టు పంపిస్తున్నాను."

మా ఆయన మంచం మీద నుంచి లేచి కూర్చున్నాడు. "వద్దు మేడమ్. రాయొద్దండి. నా పని పోతాది. మా తమ్ముడు కూడా ఆడనే ఉండాడు."

"రమణప్పా, రాయకుండా ఉండే హక్కు నాకు లేదు. మీ సెక్షన్‌లో ఎంతమంది ఉన్నారు?"

ఆయన దుప్పటి అంచు సవరించుకుంటూ కూర్చున్నాడు. పక్క మిషన్ దగ్గర పనిచేసేవాడు కూడా కడుపు పట్టుకొని తిరుగుతున్నాడని నాకు ఒకసారి చెప్పాడు. ఆ సంగతి నేను చెప్పేశాను. ఆయన నా వైపు కోపంగా చూసి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. 

చీలేషన్ అని వైద్యం మొదలుపెట్టారు. డ్రిప్‌లో మందు ఎక్కిస్తే అది సీసాన్ని పట్టుకొని మూత్రంలో బయటికి తెస్తుందట. కిడ్నీ దెబ్బ తినకుండా మాటిమాటికీ యూరిన్ టెస్టులు. తరువాత కొన్నాళ్ళు క్యాప్సూళ్ళు. అవి పడక ఒళ్ళంతా దద్దుర్లు వస్తే ఆపి మళ్ళీ ఇచ్చారు. నొప్పి పోయింది. ఆకలి తిరిగొచ్చింది. చేతికి కట్టె బద్ద కట్టి, వేళ్ళకు వ్యాయామం నేర్పించారు. కంపెనీకి పోవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పడంతో సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు.

రెండు నెలల తరువాత టెస్టు చేస్తే లెవెల్ మళ్ళీ పెరిగింది.

"ఎముకల్లో దాక్కున్న సీసం మెల్లగా రక్తంలోకి వస్తుంది, కొంచెం పెరగడం మామూలే. కానీ ఇంత పెరగకూడదు. పనికి పోతున్నారా?" అని డాక్టరమ్మ అడిగింది.

"లేదు మేడమ్. ఇల్లు కదల్లేదు."

నాటుమందు వాడుతున్నారా, ఇంట్లో పాత బ్యాటరీలు ఉన్నాయా, వంటపాత్రలకు కళాయి ఎవరు వేశారు అని ఒక్కొక్కటే అడిగింది. అన్నిటికీ లేదు, తెలియదు. భార్గవి నా ఒళ్ళో కూర్చొని ఉంది. డాక్టరమ్మ దాని కంటిరెప్ప కిందికి లాగి చూసింది.

"పాప ఎప్పుడూ ఇంత తెల్లగా ఉంటుందా? కడుపునొప్పి అంటుందా?"

అంటుంది. మట్టి తింటోందనీ, నులిపురుగులనీ అనుకున్నాం. పాపకూ నాకూ రక్తం తీశారు. నాకు కొంచెం ఎక్కువ ఉంది. పాపకు నాకన్నా చాలా ఎక్కువ ఉంది. కంపెనీ గేటు కూడా చూడని పిల్ల.

నా ప్రాణం అప్పుడు ఎలా ఉందో రాయలేను. బస్సులో వస్తున్నంత సేపూ దాన్ని గట్టిగా పట్టుకొని కూర్చున్నాను. ఇంటికి వచ్చాక ఏడుపు పక్కన పెట్టి ఇల్లంతా వెతికాను. సీసం మా ఇంటికి ఎట్లా వస్తోంది? కాళ్ళున్న వస్తువు కాదు కదా. బియ్యం డబ్బా, నీళ్ళ బిందెలు, పసుపు, కుంకుమ అన్నీ చూశాను. సాయంత్రమైంది. సీన డ్యూటీ దిగి వచ్చాడు. సైకిలు బెల్లు వినబడగానే భార్గవి పరుగెత్తింది. వాడు రోజూలాగే దాన్ని ఎత్తుకొని భుజం మీద వేసుకున్నాడు. అది వాడి చొక్కాలో మొహం దాచుకుంది.

అప్పుడు తెలిసింది.

ఆ చొక్కా నేనే ఉతుకుతాను. అంతకుముందు మా ఆయనవి కూడా నేనే ఉతికేదాన్ని. ఉతికే ముందు గట్టిగా దులుపుతాను. ఉతుకుతుంటే రాయి మీద నీళ్ళు బూడిద రంగులో కారుతాయి. ఆ నీళ్ళలోనే పాప కాగితం పడవలు వేసి ఆడుకుంటుంది. విప్పిన ఆ బట్టలన్నీ, మా ఆయన పడుకొనే దుప్పటితో సహా, ఒకే దండెం మీద ఉంటాయి.

"సీనా, పాపను దించప్పా," అన్నాను.

"యాల వొదినా? ఏమాయ?"

చెప్పాను. వాడు దాన్ని దించి రెండడుగులు వెనక్కి పోయాడు. తన చేతులను, చొక్కాను చూసుకున్నాడు. "నా వల్లనా వొదినా? నేను ఎత్తుకున్నందుకా?" అని మళ్ళీ మళ్ళీ అడిగాడు. నీకు తెలియదు కదప్పా, నాకూ తెలియదు కదా అని నేనెంత చెప్పినా వినకుండా బయట అరుగు మీద కూర్చున్నాడు. మరునాటి నుంచి పెరటి దారిన వచ్చి, స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే ఇంట్లో అడుగు పెట్టేవాడు. బాబాయి ఎత్తుకోవడం లేదని భార్గవి చాలా రోజులు ఏడ్చింది.

డాక్టరమ్మ రిపోర్టు మీద ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ కంపెనీకి వచ్చాడు. మా ఆయనను చూడటానికి మా ఇంటికీ వచ్చాడు. నెరిసిన జుట్టు, మెల్లగా మాట్లాడే మనిషి. "చేరినప్పుడు ట్రైనింగ్ ఇచ్చామంటున్నారు కంపెనీవాళ్ళు. ఇచ్చారా?" అని అడిగాడు.

"ఇచ్చినారు సార్. ఒక పూట కూర్చోబెట్టినారు."

"ఏం చెప్పారు?"

"యాడ నుంచో ఒక సారు వచ్చి ఇంగ్లీషులో, హిందీలో చెప్పినాడు. మూతికి కట్టుకొనేది ఒకటి చూపించినాడు. బిస్కెట్లు, టీ ఇచ్చినారు. మేము సంతకాలు పెట్టినాం."

"ఆయన చెప్పింది మీకేం అర్థమైంది?"

మా ఆయన తల గోక్కున్నాడు. "బిస్కెట్లు బాగుండినాయి సార్," అన్నాడు. హాస్యానికి అనలేదు, గుర్తున్నది అదే. ఇన్‌స్పెక్టర్ తల వంచుకొని నవ్వాపుకున్నాడు.

నేను టీ ఇస్తూ అడిగాను. "సార్, చట్టంలో ట్రైనింగ్ ఇయ్యాలని ఉండాదా, లేకుంటే కంపెనీవాళ్ళ ఇష్టమా?"

ఆయన నా ప్రశ్నకు విసుక్కోలేదు. పనిలో ఏ ప్రమాదం ఉందో, దాన్నుంచి ఎలా కాపాడుకోవాలో పనివాళ్ళకు చెప్పడం యజమాని బాధ్యత అని చట్టంలో ఉందట. తెలుసుకోవడం, శిక్షణ పొందడం పనివాడి హక్కు అని కూడా ఉందట. భోపాల్‌లో గ్యాస్ లీకై అంతమంది చనిపోయాక ఈ మాటలు చట్టంలోకి వచ్చాయని చెప్పాడు. సీసం పనికి ప్రత్యేకంగా రూల్స్ ఉన్నాయన్నాడు: పని బట్టలు కంపెనీయే ఇవ్వాలి, కంపెనీయే ఉతికించాలి, స్నానానికి నీళ్ళు, సబ్బు ఉండాలి, సీసం ఉన్న చోట తిండి తినకూడదు, డాక్టరు పరీక్షలు జరగాలి.

"మరి ఇన్నాళ్ళూ ఆ బట్టలు నేను యాల ఉతికినా సార్?"

 ఆయన పుస్తకం తీసి నా మాట రాసుకున్నాడు.

తరువాత కంపెనీలో మార్పులు మొదలయ్యాయి. స్నానాల గదులు కట్టారు. పని బట్టలకు, ఇంటి బట్టలకు వేరువేరు అరలు పెట్టారు. అందరికీ బ్లడ్ టెస్టులు చేయించారు. ఫ్యాక్టరీ పనివాళ్ళను పరీక్షించే సర్కారు డాక్టరు, సర్టిఫైయింగ్ సర్జన్ అంటారు, ఆయన చెప్పిన మీదట మా ఆయనను సీసం పని నుంచి తప్పించి, కుప్పం దగ్గర ఉన్న వాళ్ళ ఇంకో యూనిట్‌లో స్టోర్స్‌కు మార్చారు. పని పోతుందని ఆయన పడిన భయం నిజం కాలేదు. సీన మాత్రం ఆ పని మానేసి మదనపల్లె టమోటా మార్కెట్టులో చేరాడు. ఎవరెంత చెప్పినా ఉండలేదు.

మేం కుప్పం వచ్చాక అక్కడ కొత్తగా ట్రైనింగ్ పెట్టారు. ఈసారి తెలుగులో ఒకరు, అరవంలో ఒకరు చెప్పాలి. జబ్బు పడిన మనిషిగా మా ఆయన కూడా మాట్లాడాలి అన్నారు. నేను పనివాళ్ళ సంగతులు చూసే పర్సనెల్ ఆఫీసరును కలిసి, ఆడవాళ్ళను కూడా పిలవమని అడిగాను.

"చట్టంలో వర్కర్లకే అని ఉందమ్మా. కుటుంబాల మాట లేదు," అన్నాడాయన.

"చట్టంలో వద్దని ఉండాదా సార్?"

ఆయన గోడ మీది క్యాలెండరు చూసి, ఒక ఆదివారం పెడదాంలే అన్నాడు.

ఆ ఆదివారం షెడ్డులో మిషన్లు ఆపి చాపలు పరిచారు. రామకుప్పం వైపు పల్లెల నుంచి కూడా ఆడవాళ్ళు పిల్లలను చంకన వేసుకొని వచ్చారు. మా ఆయన లేచి నిలబడి "అందరికీ నమస్కారం" అని, తరువాత ఏం చెప్పాలో తోచక ఆగిపోయాడు. రాసుకొని పోయిన మాటలన్నీ మరిచిపోయాడు. చివరికి కుడిచెయ్యి ముందుకు చాపి, ఎత్తి చూపించాడు. అప్పటికి సగమే లేచేది.

"ఇంతే లేస్తాది. డ్యూటీ దిగినాక స్నానం చేయకుండా ఇంటికి పోతాంటి. నా బిడ్డ రక్తంలోకి కూడా పోయింది," అని కూర్చున్నాడు.

 తరువాత ప్రశ్నలు మొదలయ్యాయి. అన్నం క్యారియర్ పైన మూత తుడిస్తే చాలా? బాలింత ఆ బట్టలు ముట్టుకోవచ్చా? ఒకామె లేచి, "స్నానం చేసిన నీళ్ళు వంగచెట్లకు పోస్తాండాము. ఆ వంకాయలు తినొచ్చునా సార్?" అని అడిగింది. ట్రైనింగ్ చెప్పే ఆయన, "నాకు తెలియదమ్మా, కనుక్కొని చెప్తాను. అంతవరకు పోయొద్దు," అన్నాడు. తెలియనిది తెలియదని చెప్పడంతోనే ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది.

అన్నీ బాగుపడ్డాయని రాస్తే అబద్ధమవుతుంది. కాంట్రాక్టు మీద వచ్చేవాళ్ళను చాలా రోజులు ట్రైనింగుకు పిలవలేదు. ఉక్కపోతకు మాస్కు తీసి మెడలో వేలాడేసుకొనేవాళ్ళు ఉండేవారు. ఇన్‌స్పెక్షన్ అంటే మాత్రం అందరి మూతులకూ ఉండేది. కానీ బట్టలు ఇంటికి రావడం ఆగింది. అది నా కళ్ళతో చూశాను.

భార్గవికి మందులు అవసరం కాలేదు. సీసం రావడం ఆగితే లెవెల్ దానంతట అదే దిగుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఐరన్ టానిక్, పాలు, తినే ముందు చేతులు కడగడం, ఇల్లు చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవడం. అన్నీ చేశాను. మెల్లగా దిగింది. ఇప్పుడు కుప్పంలో ఇంటర్ చదువుతోంది. లెక్కల్లో వెనకబడి ఉంది. అది సీసం వల్లనో, నా పోలికనో డాక్టరమ్మ కూడా తేల్చి చెప్పలేనంది. మా ఆయన చెయ్యి ఇప్పుడు బాగానే లేస్తుంది. బిగుతు మూతలు మాత్రం నేనే తీసిపెడతాను. సంగటి రెండు ముద్దలు తింటాడు. ఏడాదికొకసారి మదనపల్లె పోయి బ్లడ్ టెస్టు చేయించుకొని, సీన ఇంట్లో భోంచేసి వస్తాం.

చదివేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. మీ ఇంట్లోంచి ఎవరైనా ఫ్యాక్టరీకో, క్వారీకో, పురుగుమందుల గోడౌనుకో కొత్తగా పనికి పోతే, ట్రైనింగ్ అయిన రోజు సాయంత్రం దగ్గర కూర్చోబెట్టుకొని ఏం చెప్పారో అడగండి. మీకు అర్థమయ్యేలా మన మాటల్లో చెప్పమనండి. చెప్పలేకపోతే వాళ్ళకు ట్రైనింగ్ అందలేదని అర్థం. మరునాడు పోయి మళ్ళీ చెప్పమని అడగమనండి. అలా అడగడం వాళ్ళ హక్కు.